మాట వినడం: ఒక యువ రచయితకు లేఖ

చిత్తూరు

ప్రభువునందు ప్రియమైన తమ్మునికి వందనములు.

తిరుపతి నుండి నీవు పంపిన వ్యాసం అందింది. క్రైస్తవ జీవితంలో వినయం, విధేయత అన్న విషయం మీద ఇంత చిన్న వయసులో కలం పట్టినందుకు సంతోషించాను. రెండుసార్లు చదివి, పెన్సిలుతో గుర్తులు పెట్టి, ఈ ఉత్తరంతో పాటు తిరిగి పంపుతున్నాను. గుర్తులు ఎక్కువగా ఉన్నాయని బాధపడవద్దు. నీ భాష బాగుంది, వాక్యం ఎక్కడ ఆపాలో నీకు తెలుసు. నన్ను ఆపింది వేరొకటి. వినయం అన్న మాట నీ వ్యాసంలో పేజీకి నాలుగుసార్లు వస్తున్నది కాని, దేవుడు నాతో ఫలానా పని చేయమన్నాడు, చేశాను, లేదా చేయలేక తప్పించుకు తిరిగాను అన్న సంగతి ఒక్కచోట కూడా కనబడలేదు.

మొదటి పేరాలోని "అల్పుడనైన నేను" అన్న మాటను కొట్టివేశాను. ఆ మాట అబద్ధమని కాదు, దాన్ని పలకడం చాలా సులభమని. ఇశ్రాయేలు మొదటి రాజైన సౌలు కూడా ఒకనాడు తన దృష్టికి తాను అల్పుడుగానే ఉన్నాడని సమూయేలు ప్రవక్త అతనికి గుర్తు చేశాడు. శత్రువులైన అమాలేకీయులను గెలిచి వచ్చేనాటికి అతడు కర్మెలులో తనకోసం జ్ఞాపకశిల నిలుపుకొన్నాడు. దేవుడు వద్దన్న గొర్రెలనూ ఎడ్లనూ మిగుల్చుకొని, అవి బలి అర్పించడానికే అన్నాడు. అవిధేయతకు భక్తి పేరు పెట్టడం అక్కడే చూస్తాము. బలులకంటె మాట వినుట శ్రేష్ఠమని సమూయేలు చెప్పిన తరువాత కూడా, తప్పు ఒప్పుకొంటూనే, పెద్దల యెదుట నన్ను ఘనపరచుమని సౌలు బతిమాలుకొన్నాడు. ఆ అధ్యాయాన్ని, అంటే మొదటి సమూయేలు 15ను, నీవు నిదానంగా మరొకసారి చదవాలి. వినయం జారిపోవడమూ ఆజ్ఞ మీరడమూ ఒకే మనిషిలో ఒకే సమయంలో ఎలా జరుగుతాయో అంత స్పష్టంగా చూపిన అధ్యాయం మరొకటి నాకు తెలియదు.

విధేయత అన్న మాటతో మనకొక చిక్కు ఉంది. అర్జీల చివర "ఇట్లు తమ విధేయుడు" అని రాసి రాసి ఆ మాటను అరగదీశాము. మన ఊళ్లలో తల్లులు ఆ మాట వాడరు. "పిల్లోడు మాట వింటాడు" అంటారు, లేదా "మాట వినడు" అంటారు. హెబ్రీ భాషలోనూ ఇదే తీరు. "ఇశ్రాయేలూ, వినుము" అని ద్వితీయోపదేశకాండములో ఉన్న ఆ "షెమ" అన్న మాటకు చెవితో వినడమనీ, విన్నదాని ప్రకారం చేయడమనీ రెండర్థాలూ ఉన్నాయి. కాబట్టి విధేయత అని రాసిన ప్రతిచోటా దాన్ని తీసివేసి, మాట వినడం అని పెట్టి చూడు. నిలబడని వాక్యాన్ని వదిలెయ్యి.

మూడవ పేజీలో కాసిన కొమ్మ వంగుతుందని రాశావు. మామిడి తోటల సీమలో పుట్టినవాళ్లం, ఆ పోలిక మనకు చేతికందేంత దూరంలోనే ఉంటుంది. అయినా అది ఇక్కడ సరిపోదు. కొమ్మను కాయల బరువు వంచుతుంది, అందులో కొమ్మ ఇష్టంతో పని లేదు. పౌలు బంధకాలలో ఉండి ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండవ అధ్యాయంలో క్రీస్తును గురించి "మరణము పొందునంతగా, అనగా సిలువ మరణము పొందునంతగా విధేయత చూపినవాడై, తన్నుతాను తగ్గించుకొనెను" అన్నాడు. ఎవరూ ఆయనను వంచలేదు. మన తెలుగు వాక్యంలో విధేయత ముందు వచ్చి, తగ్గింపు చివర క్రియగా నిలవడం నాకు ఎంతో మేలు చేసింది. మాట వింటూ పోయినవాడే తగ్గుతాడని ఆ వాక్య క్రమం నాకు నేర్పింది.

నా సొంత సంగతి ఒకటి నీకు చెప్పాలి. ముప్పై ఏళ్ల కిందట పలమనేరు దగ్గర మా ఊళ్లో నాకూ మా అన్నకూ గట్టు విషయంలో మాటా మాటా పెరిగింది. మూడు సెంట్ల నేల. సర్వేయరు వచ్చి కొలిచి హద్దురాయి నాటినా నేను ఒప్పుకోలేదు. రెండేళ్లు మాటల్లేవు. ఆ రెండేళ్లలోనే తగ్గింపు జీవితాన్ని గురించి ఒక పత్రికకు వరుసగా వ్యాసాలు రాశాను, వాటిని మెచ్చుకొంటూ ఉత్తరాలు కూడా వచ్చాయి. ఒక ఆదివారం ప్రభు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకొనే సంస్కారానికి, ముందు మత్తయి సువార్త ఐదవ అధ్యాయం చదివారు. నీమీద నీ సహోదరునికి విరోధమున్నదని బలిపీఠం దగ్గర గుర్తుకు వస్తే, అర్పణ అక్కడే విడిచి మొదట వెళ్లి అతనితో సమాధానపడమన్న భాగమది. తెలియని మాట కాదు. దాని మీద నేనే రెండు పేజీలు రాసి ఉన్నాను. ఆ రోజు బల్ల తీసుకోకుండా ఇంటికి వచ్చాను. మరునాడు బస్సెక్కి ఊరికి పోయాను. వదిన మజ్జిగ ఇచ్చింది. అన్న ఏమీ మాట్లాడకుండా చేని దగ్గరికి నడిస్తే వెనకే నడిచాను. "రాయి ఉన్నచోటనే ఉండనీ అన్నా, తప్పు నాది" అన్నాను. ఆ ఒక్క వాక్యానికి పడిన కష్టం నేను ఏ వ్యాసానికీ పడలేదు. అన్న అప్పుడు కూడా బదులు చెప్పలేదు. మా ఇంటి గడప తొక్కడానికి అతనికి మరో ఏడాది పట్టింది. మాట విన్న వెంటనే ఫలితం చేతికి వస్తుందని నీవు చివరి పేజీలో రాసిన వాక్యం పక్కన నేను గీత గీసింది అందుకే.

రచయితగా నీకు నేను చూపదలచిన మనిషి బారూకు. యిర్మీయా ప్రవక్త నోటితో చెప్పగా అతని లేఖకుడైన బారూకు గ్రంథపుచుట్టలో రాశాడు. ఎలా రాశావని అధికారులు అడిగితే, "యిర్మీయా పలికాడు, నేను సిరాతో రాశాను" అన్నాడు. అంతకు మించి తనను గురించి ఏమీ చెప్పుకోలేదు. ఆ చుట్టను యూదా రాజైన యెహోయాకీము చలికాలపు నగరులో కూర్చుండి, మూడు నాలుగు పుటలు చదివించుకొన్నప్పుడెల్లా చాకుతో కోసి కుంపటిలో వేశాడు. శ్రమపడి రాసినది కాలిపోయిందని తెలిస్తే ఎలా ఉంటుందో రాసేవాళ్లకే తెలుస్తుంది. మరల రాయమన్న ఆజ్ఞ వచ్చింది, బారూకు మరొక చుట్ట తీసుకొని అంతా తిరిగి రాశాడు. అతనికి ఆశలు లేవనుకోవద్దు. యిర్మీయా 45వ అధ్యాయం ఐదే వచనాలు, అంతా అతని కోసమే. "నీ నిమిత్తము నీవు గొప్పవాటిని వెదకుచున్నావా? వెదకవద్దు" అని దేవుడు అతనితో అన్నాడు, ప్రాణం మాత్రం కాపాడతానన్నాడు. నా బల్ల మీద ఈ అధ్యాయం తెరిచి పెట్టుకొని చాలా ఏళ్లు పని చేశాను.

ఇంకొక వాక్యం కొట్టివేశాను, దానికి కారణం చెప్పాలి. అలిపిరి నుండి 3,500కు పైగా మెట్లు కాలినడకన ఎక్కి, తలనీలాలు ఇచ్చి దిగివచ్చే యాత్రికులను నీవు రోజూ చూస్తున్నావు. వారి భక్తిని చిన్నచేసి మన విశ్వాసాన్ని పెద్దదిగా చూపే వాక్యం వినయం మీద రాసిన వ్యాసంలో ఉండకూడదు. అది నీ పొరుగువాడు చదివితే నొచ్చుకొంటాడు, పొరుగువానిని ప్రేమించుమన్న ఆజ్ఞ మనకు ఉన్నది.

దేవునికి లోబడడాన్నీ, దేవుని పేరు చెప్పి అధికారం చేసే మనుషులకు లోబడడాన్నీ నీవు ఒకే పేరాలో కలిపేశావు. వాటిని విడదీయి. మనుష్యులకు కాదు, దేవునికే లోబడవలెనని యూదుల మహాసభ ఎదుట నిలబడి చెప్పిన అపొస్తలుడు పేతురు వినయం లేనివాడు కాదు. ఇంట్లో దెబ్బలు తింటున్న ఒక చెల్లెలు నీ వ్యాసం చదివి, ఓర్చుకోవడమే విధేయత అనుకొంటే ఆ భారం నీ కలం మీద ఉంటుంది.

వ్యాసాన్ని ఇప్పుడే తిరగరాయవద్దు. మీ నాన్నగారితో ఆరు నెలలుగా మాట్లాడడం లేదని ఉత్తరం చివర ఒక ముక్క రాసి, దాన్ని సిరాతో కొట్టివేశావు. కొట్టివేసినా చదవగలిగాను. ముందు పోయి ఆయనను చూడు. ఆ తరువాత ఏదైనా ఒక ఆదివారం ఆరాధన ముగిశాక చిత్తూరుకు రా, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. కాగితాలు తెచ్చినా సరే, తేకపోయినా సరే.

ప్రభువునందు,
నీ అన్న