సమాధానం: లిస్ట్‌బాక్స్‌లో ఒకటి తీసేయబోతే ఇంకొకటి పోతోంది

తమ్ముడూ, కడియం నర్సరీ స్టాక్ ప్రోగ్రామ్‌లోని లిస్ట్‌బాక్స్‌లో (తెరపై జాబితా చూపే పెట్టెలో) మందారం, మల్లె ఎంచుకుని డిలీట్ నొక్కితే మల్లె మిగిలి గులాబీ పోతోందన్నావు. టికింటర్ (పైథాన్‌లో విండోలు, బటన్లు చేసే లైబ్రరీ) తప్పేం లేదు. వరుసల లెక్క 0 నుంచి మొదలవుతుంది. 0వ వరుసలోని మందారం పోగానే మల్లె 1 నుంచి 0కి జరుగుతుంది, ఆ 1లోకి గులాబీ వస్తుంది. నీ లూప్ పాత నంబరు 1నే పట్టుకుని దాన్నే తీసేస్తోంది.

అందుకే కింది నుంచి పైకి తీసెయ్. కర్‌సెలెక్షన్ (ఎంచుకున్న వరుసల నంబర్లు చెప్పేది) ఇచ్చిన నంబర్లను రివర్స్‌డ్‌లో (క్రమం తిరగేసేదానిలో) పెట్టి, ఒక్కోదాన్నీ డిలీట్‌కి ఇచ్చే చిన్న ఫంక్షన్ ఒకటి రాసుకో. లిస్ట్‌బాక్స్‌ని దానికి ఆర్గ్యుమెంట్‌గా పంపు, గ్లోబల్ వేరియబుల్ వద్దు. అప్పుడు కుండీల జాబితాకీ అదే పనికొస్తుంది. ధరలు వేరే లిస్ట్‌లో ఉంటే అదే నంబరుతో అక్కడా తీసెయ్, లేకపోతే గులాబీకి మందారం ధర పడుతుంది.

ఎంట్రీలో (టైప్ చేసే గడిలో) అక్షరాలు సెలెక్ట్ చేయగానే జాబితాలో ఎంపిక చెరిగిపోతుంటే, లిస్ట్‌బాక్స్‌లోని ఎక్స్‌పోర్ట్‌సెలెక్షన్ అనే సెట్టింగ్‌ని ఫాల్స్ చెయ్.