ఆసుపత్రి రికార్డులో లింగానికి ఒక్క గడి చాలదా?

హైదరాబాద్‌లో ఏ ఆసుపత్రికి వెళ్లినా ఓపీ చీటీ మీద స్త్రీ, పురుషుడు అని రాస్తారు కదా, అది చాలదా అని ప్రశ్న. చాలదు. ఆ గడే ల్యాబ్ కంప్యూటర్‌కూ వెళ్తుంది, చిక్కంతా అక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో హిమోగ్లోబిన్ డెసీలీటరు రక్తంలో పురుషులకు 13, గర్భిణులు కాని స్త్రీలకు 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత. ఏళ్లుగా టెస్టోస్టెరాన్ (పురుష హార్మోన్) వాడుతున్న ట్రాన్స్ పురుషుడికి, అంటే పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదై పురుషుడిగా జీవిస్తున్న వ్యక్తికి, 12.5 ఉందనుకోండి. గడిలో ‘స్త్రీ’ అని ఉంటే రిపోర్టు నార్మల్ అంటుంది; నిజానికి పురుషుల హద్దుతో చూడాలి. పోనీ ‘పురుషుడు’ అని మార్చేస్తే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షల జాబితాలోంచి ఆయన పేరు జారిపోవచ్చు.

ఆరోగ్య సమాచారాన్ని కంప్యూటర్ల మధ్య పంచుకోవడానికి ప్రమాణాలు రూపొందించే హెచ్ఎల్7 సంస్థ ‘జెండర్ హార్మొనీ’ నమూనా అందుకే వీటిని విడదీసింది: వ్యక్తి చెప్పే జెండర్, పత్రాల్లో ఉన్నది, ఫలానా పరీక్షకు వర్తించే లింగం, పిలవాల్సిన పేరు వగైరా. మూడోది పరీక్షను బట్టి మారవచ్చు, నా దృష్టిలో అసలు కీలకం అదే. ఊరికే ‘ఇతరులు’ అనే గడి కలిపితే ల్యాబ్‌కు ఏ హద్దు వాడాలో తెలియదు.