త్రీలు పడని రోజున కూడా త్రీలే ఎందుకు వేస్తారు?

ప్రశ్న: అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ ఈమధ్యే చూడటం మొదలుపెట్టాను. 2025 మార్చిలో ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో (కాలేజీల జాతీయ పోటీ) అలబామా జట్టు బీవైయూ (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ) మీద 25 త్రీలు, అంటే దూరపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు, కొట్టి రికార్డు సృష్టించింది. తర్వాతి మ్యాచ్‌లోనే డ్యూక్ యూనివర్సిటీ మీద 32 వేస్తే 8 పడ్డాయి, ఓడి ఇంటికెళ్లింది. పడటం లేదని కనిపిస్తున్నా లోపలికి, రింగు దగ్గరికి వెళ్లరెందుకు? పైగా బంతి దొరకగానే పెట్టే ఆ పరుగంతా తొందరపాటులా అనిపిస్తుంది. ఇది వ్యూహమా, జూదమా?

జవాబు: వ్యూహమే. కాకపోతే వేగం వేరు, త్రీలు వేరు, రెండూ కలిపి చూస్తే ఏదీ అర్థం కాదు.

ముందు త్రీల లెక్క. 100 త్రీలు వేసి 35 పడినా 105 పాయింట్లు వస్తాయి. రింగుకి నాలుగైదు మీటర్ల నుంచి వేసే రెండు పాయింట్ల షాట్లు 100కి 40 పడితే 80 పాయింట్లే. రింగు కిందకెళ్లి దగ్గరి నుంచి వేసే లేఅప్‌లు 100కి 60 పడితే 120, అన్నిటికన్నా లాభం అదే. అందుకే అలబామా కోచ్ నేట్ ఓట్స్ మధ్య దూరం షాట్లను దాదాపు పక్కన పెట్టేశాడు. లోపలికి వెళ్లొచ్చు కదా అంటారు, నిజమే, కానీ ఆ దారి దొరికేదే బయట షూటర్లున్నారన్న భయం వల్ల. వాళ్లు వేయడం మానేస్తే వాళ్లని కాసే డిఫెండర్లు పెయింట్‌లోకి (రింగు ముందు రంగు వేసిన చోటు) జరిగి ఆ దారి కూడా మూసేస్తారు.

ఇక వేగం. 2015-16 నుంచి కాలేజీ పురుషుల ఆటలో షాట్ క్లాక్ (బంతి దొరికాక షాట్ వేయడానికి ఇచ్చే గడువు) 35 సెకన్ల నుంచి 30కి తగ్గింది గానీ, వేగంగా ఆడేవాళ్లు గడియారానికి భయపడి ఆడరు, డిఫెన్స్ సర్దుకోకముందే కొట్టాలని ఆడతారు. ఈసారి చూసేటప్పుడు బంతిని వదిలేసి కార్నర్లు, అంటే రింగుకి రెండు పక్కలా ఉండే కోర్టు మూలలు చూడండి. రీబౌండ్ (పడకుండా తిరిగొచ్చిన బంతి) చేతికి రాగానే ఇద్దరు చెరో కార్నర్‌కి ఉరుకుతారు, బంతిని నడిపించే గార్డ్ మధ్య గీత దాటకముందే తలెత్తి వాళ్లని వెతుకుతాడు. వెనక్కి పరిగెత్తే డిఫెండర్‌ ముందు రింగుని కాపాడుకోవాలి కాబట్టి పెయింట్‌లోకి వెళ్తాడు, అక్కడి నుంచి కార్నర్‌కి తిరిగొచ్చేలోపు షూటర్ పాదాలు సర్దుకుని షాట్‌కి లేచి ఉంటాడు. డిఫెండర్ మరీ వేగంగా మీదికొస్తే షూటర్ వాడి పక్కనుంచే లోపలికి దూసుకెళ్తాడు. ఇదంతా ఆరేడు సెకన్ల పని. అదే షాట్ పాతిక సెకన్లు ఆగి వేద్దామంటే మొహం ముందు చెయ్యి ఉంటుంది.

అయితే నెమ్మదిగా ఆడి కూడా త్రీలు బాగా వేయొచ్చు. 2019లో ఈ టోర్నమెంట్ టైటిల్ గెలిచిన వర్జీనియా దేశంలోకెల్లా నెమ్మదైన జట్టు, త్రీలలో మాత్రం మంచి జట్లలో ఒకటి.

జూదం మాటకొస్తే, వర్జీనియాకే 2018లో ఏం జరిగిందో చూడండి. నంబర్ వన్ సీడ్‌గా (తన విభాగంలో అందరికన్నా పై ర్యాంకు) వచ్చి, అట్టడుగున ఉన్న 16వ సీడ్ యూఎంబీసీ అనే చిన్న కాలేజీ జట్టు చేతిలో 74-54తో ఓడింది, పురుషుల టోర్నమెంట్‌లో అలా జరగడం అదే మొదటిసారి. ఆ రోజు యూఎంబీసీ 24 త్రీలు వేస్తే 12 పడ్డాయి. బంతి చేతికొచ్చే అవకాశాలు తక్కువైతే అదృష్టం పాత్ర పెరుగుతుంది, ఎక్కువైతే మెరుగైన జట్టు తేడా బయటపడుతుంది. కాబట్టి నన్నడిగితే బలమైన జట్టు పరిగెత్తాలి, బలహీనమైన జట్టు ఆట నెమ్మది చేసి త్రీల మీద ఆశ పెట్టుకోవాలి. అలబామా లాంటి జట్టు త్రీలతో తెచ్చుకునే ఒడిదుడుకుల్ని వేగంతో కొంత తగ్గించుకుంటుంది, పూర్తిగా కాదు, 32కి 8 పడే రోజు ఒకటి వస్తూనే ఉంటుంది. కోచ్‌ని తప్పుపట్టాలంటే ఎన్ని పడలేదని కాదు, ఎలాంటివి వేశారని చూడాలి. ఒక్క పాస్ కూడా లేకుండా, మీద డిఫెండర్ ఉండగా, క్లాక్‌లో ఇంకా 20 సెకన్లుండగా వేసిన త్రీ పడినా సరే చెడ్డ షాటే.

ప్రశ్న: కాలేజీ త్రీ గీత, ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) గీత ఒకటేనా?

జవాబు: కాదు. రింగు నుంచి గీత దూరం ఎన్‌బీఏలో 7.24 మీటర్లు. కాలేజీ పురుషులకి 2019-20 నుంచి, మహిళలకి 2021-22 నుంచి 6.75. కార్నర్‌లో మాత్రం రెండూ దాదాపు దగ్గరే, ఎన్‌బీఏలో 6.7, కాలేజీలో 6.6. గీత వెనక్కి జరిగిన మొదటి సీజన్‌లో పురుషుల త్రీ శాతం కాస్త తగ్గింది, కానీ డిఫెండర్లు ఇంకా దూరం బయటికి రావాల్సి వచ్చింది.