గర్భంలో బిడ్డ రక్తం కాలేయంలో ఎలా తయారవుతుంది?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. కాలేయ కణాలే రక్త కణాలుగా మారతాయా? పుట్టాక కాలేయం ఆ పని ఎందుకు మానేస్తుంది? నేను పెథాలజీలో పనిచేస్తాను. కడుపులోనే చనిపోయిన శిశువుల విషయంలో కారణం తెలుసుకోవడానికి చేసే పరీక్షలు మా దగ్గరికి వస్తాయి. అందువల్ల ఐదో నెల పిండం కాలేయాన్ని మైక్రోస్కోప్ కింద చాలాసార్లు చూశాను.

కాలేయ కణాలు రక్త కణాలుగా మారవు. రక్తాన్ని పుట్టించే మూలకణాలు బయటి నుంచి వచ్చి కాలేయంలో అద్దెకు దిగుతాయి. పిండంలో మొదటి ఎర్రకణాలు మూడో వారంలోనే సొన సంచి (పిండానికి అంటిపెట్టుకుని ఉండే చిన్న సంచి, యోక్ శాక్) గోడలో కనిపిస్తాయి. అవి పెద్దవి, కేంద్రకంతోనే తిరుగుతాయి, ఎక్కువ కాలం ఉండవు. జీవితాంతం పనికొచ్చే మూలకణాలు ఆ తర్వాత బృహద్ధమని లోపలి పొరలో పుట్టి, రక్తంతో పాటు కాలేయానికి చేరి, అక్కడ సంఖ్యలో బాగా పెరుగుతాయి. దాదాపు ఆరో వారం నుంచి ఏడో నెల వరకూ రక్తం తయారీలో ప్రధాన బాధ్యత కాలేయానిదే. (ఇవి ఫలదీకరణం నుంచి లెక్కించిన వారాలు. స్కాన్ రిపోర్టులో రెండు వారాలు ఎక్కువ కనిపిస్తాయి.) మొదటి నుంచీ ఎముక మూలుగే ఈ పని చేయవచ్చు కదా అనిపిస్తుంది. కానీ అప్పటికి ఎముకల స్థానంలో ఉన్నది చాలావరకు మృదులాస్థి. మూలుగ ఉండటానికి లోపల ఖాళీయే ఏర్పడలేదు.

స్లైడ్ మీద ఇదంతా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. గులాబీ రంగులో పెద్ద పెద్ద కాలేయ కణాల వరుసలు, వాటి మధ్య సందుల్లో ముదురు ఊదా రంగు కేంద్రకాలు గుంపులు గుంపులుగా ఉంటాయి. కాలేయ కణం కేంద్రకం లేతగా ఉంటుంది. ఎర్రకణంగా మారబోయే కణానిది మాత్రం గుండ్రంగా, సిరా చుక్క పడ్డంత నల్లగా ఉంటుంది. కొత్తగా చేరిన పీజీ విద్యార్థులు దీన్ని చూసి ఇన్‌ఫెక్షన్ అనో ల్యూకేమియా అనో అడగడం మామూలే. ఇంకొంచెం జూమ్ చేస్తే, ఒక్కోచోట మధ్యలో ఒక మాక్రోఫేజ్ (వ్యర్థాలను మింగేసే పెద్ద కణం), దాని చుట్టూ ఎదుగుతున్న ఎర్రకణాలు అతుక్కుని ఉంటాయి. పక్వానికి వచ్చిన ఎర్రకణం తన కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది, ఆ మాక్రోఫేజ్ దాన్ని మింగేస్తుంది. నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరని దృశ్యం అది. తెల్లకణాలు ఎక్కువగా పోర్టల్ రక్తనాళాల (కాలేయంలోకి రక్తం తెచ్చే నాళాల) చుట్టూ తయారవుతాయి. మూడో నెలలో పిండం బరువులో దాదాపు 10 శాతం కాలేయమే. పుట్టేసరికి అది 5 శాతానికి వస్తుంది. మొదట్లో అంత పెద్దగా ఉండటానికి ఈ రక్తం తయారీ ఒక ముఖ్య కారణం.

తల్లి రక్తమే బిడ్డకు ఎక్కుతుందని చాలామంది నమ్ముతారు. మాయ దగ్గర ఆక్సిజన్, పోషకాలు అందుతాయి గానీ రెండు రక్తాలూ కలిసి ప్రవహించవు. బిడ్డ తన రక్తం తానే తయారు చేసుకుంటుంది.

ఇక రెండో ప్రశ్న. మూడో నెలలోనే మూలుగలో పని మొదలై, ఏడో నెల దాటాక అదే ప్రధానం అవుతుంది. రసాయన సంకేతాలు మూలకణాలను అటు రప్పిస్తాయి, కాలేయ కణాలు తమ అసలు పనికి సిద్ధమవుతాయి. పుట్టాక కాలేయంలో మిగిలిన కొద్దిపాటి రక్త కణాల గుంపులు కూడా త్వరలోనే మాయమవుతాయి. ఎలుకల మీద 2016లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, బొడ్డు నుంచి వచ్చే రక్తం ఆగిపోగానే కాలేయంలోని పోర్టల్ నాళాల స్వభావం మారి, మూలకణాలకు అక్కడ ఆసరా పోతుంది.

అయితే కాలేయం ఈ విద్యను పూర్తిగా మరిచిపోదు. తలసీమియా అంటే హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని వంశపారంపర్య జబ్బు. దానికి సరిగా చికిత్స అందని పిల్లల్లో మూలుగ ఎంత కష్టపడినా చాలక, కాలేయం, ప్లీహం మళ్లీ రక్తం తయారు చేయబోయి ఉబ్బుతాయి. ఆ పిల్లల తల్లులు “పుట్టినప్పుడు బాగానే ఉన్నాడు కదా డాక్టర్ గారూ, మధ్యలో ఏమైంది?” అని అడుగుతుంటే మనసు కలుక్కుమంటుంది. వాళ్లు చేసిన తప్పేమీ లేదు. పుట్టినప్పుడు బిడ్డలో 60 నుంచి 80 శాతం పిండ హిమోగ్లోబిన్ ఉంటుంది. అది తల్లి హిమోగ్లోబిన్ కంటే గట్టిగా ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. బీటా తలసీమియా (పెద్దల హిమోగ్లోబిన్‌ను దెబ్బతీసే రకం) లోపం దాన్ని తాకదు. ఆరు నెలలు గడిచి పెద్దల హిమోగ్లోబిన్ వంతు వచ్చాకే లోపం బయటపడుతుంది. కాలేయం నుంచి మూలుగకు మారడం వల్లే హిమోగ్లోబిన్ మారుతుందని కొందరు అనుకుంటారు. అది సరికాదు, ఆ మార్పు రెండుచోట్లా ఒకే సమయంలో, వయసును బట్టి జరుగుతుంది.

మీరు ఇది గర్భిణి విషయంలో అడుగుతున్నట్లయితే, మొదటి నెలల్లోనే హెచ్‌బీఏ2 పరీక్ష (బీటా తలసీమియా లోపం ఉందేమో చూసే రక్త పరీక్ష) చేయించండి. తల్లి క్యారియర్ (జబ్బు లేకపోయినా లోపమున్న జన్యువును మోసే వ్యక్తి) అని తేలితే తండ్రికీ చేయాలి. ఇద్దరూ బీటా తలసీమియా క్యారియర్లయితే ప్రతి గర్భంలోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. బిడ్డ క్యారియరా కాదా అని ఈ పరీక్షతో చూడాలంటే మాత్రం ఏడాది నిండే వరకూ ఆగడం మంచిది, అంతకుముందు వచ్చే ఫలితాన్ని నమ్మలేం.