డాక్టర్ సలహా: ఆమెను కలిసే ముందు ఆ ఎర్రమచ్చ చూపించండి

ప్రశ్న: నా వయసు 31. చీమకుర్తి దగ్గర గ్రానైట్ క్వారీలో పనిచేసేవాణ్ణి. నాలుగేళ్ల క్రితం పైనుంచి పడి వెన్నుపూస దెబ్బతింది. ఛాతీ నుంచి కిందకు స్పర్శ లేదు, వీల్‌చైర్‌లోనే ఉంటాను. యూరిన్ నాలుగైదు గంటలకోసారి నేనే పైపు వేసుకుని తీసుకుంటాను. ఏడాదిగా నెల్లూరు అమ్మాయితో ఫోన్లో మాట్లాడుతున్నాను. ఇద్దరికీ ఇష్టమే. కుర్చీ సంగతి ఆమెకు తెలుసు, పైపు సంగతి తెలియదు. వచ్చే నెల నెల్లూరు వెళ్లి కలవాలనుకుంటున్నాను. ఆ రోజు పరువు పోకుండా ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేద్దామని రెండుసార్లు చేసి చూశాను. ఫ్రెండ్ చెబితే మెడికల్ షాపులో మగతనం మాత్రలు కొని రెండుసార్లు వేసుకున్నాను. తలనొప్పి, ముఖమంతా చెమటలు పట్టాయి. కొత్త జీన్స్ వేసుకుని కూర్చోవడం అలవాటు చేసుకుంటుంటే పిరుదు దగ్గర కొంచెం ఎర్రగా కమిలింది, పౌడర్ రాస్తున్నాను. మా అమ్మ రెండేళ్లుగా నెల్లూరు దర్గాలో రొట్టెల పండుగకు వెళ్లి నాకోసం ఆరోగ్య రొట్టె పట్టుకుంటోంది. ఈసారి పెళ్లి రొట్టె పట్టుకుంటానంటోంది. నాలాంటివాడు ప్రేమ, పెళ్లి అనుకోవచ్చా? పైపు సంగతి ఆమెకు ఎప్పుడు చెప్పాలి? ధైర్యం రావడానికి మందు ఏమైనా ఉందా?
– ఒంగోలు సమీపం నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీరు మూడు ప్రశ్నలు అడిగారు. నేను మాత్రం మధ్యలో మీరు ‘కొంచెం’ అని రాసిన చోటే ఆగిపోయాను. కొంచెం ఎర్రగా కమిలింది అన్నారు. ఎన్ని రోజులైందో రాయలేదు. ఇప్పుడే ఇలాంటి పుండుకే ఒకాయనకు డ్రెస్సింగ్ చేయించి వచ్చి కూర్చున్నాను. అందుకని ముందు దాని గురించే రాస్తాను, ఏమనుకోవద్దు.

ఈ పూటే మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఫోన్‌తో ఆ చోటు ఫోటో తీసుకోండి. తర్వాత ఎర్రగా ఉన్న దగ్గర వేలితో నొక్కి వదలండి. నొక్కినప్పుడు తెల్లబడి మళ్లీ ఎర్రబడితే, బరువు పడకుండా చూసుకుంటే చాలావరకు దానంతటదే తగ్గుతుంది. నొక్కినా రంగు మారకపోతే అది బెడ్‌సోర్ (ఒత్తిడి వల్ల పడే పుండు) మొదటి దశ. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనపడదు. చుట్టుపక్కల కంటే నల్లగా కమిలినా, వేడిగా, గట్టిగా తగిలినా అదే అనుకోండి. ఈ పుండు చాలాసార్లు మీరు కూర్చునే ఎముక దగ్గర, లోపలి కండలోనే మొదలవుతుంది. పైచర్మం చివరికి చిట్లుతుంది. ఇందాక చెప్పినాయనకు మొదట రూపాయి బిళ్లంత మచ్చే ఉండేది. పసుపు రాశారు, పౌడర్ రాశారు, మూడు వారాలు గడిపారు. తీసుకొచ్చేసరికి గుప్పెడు పట్టేంత గుంట, అడుగున ఎముక. ఆపరేషన్ చేయించుకుని నెలల తరబడి బోర్లా పడుకోవాల్సి వచ్చింది. నొప్పి తెలియని ఒంటికి కళ్లే కాపలా. రోజూ పొద్దున, రాత్రి ఒకసారి చూసుకోవాల్సిందే.

పౌడర్ ఆపేయండి. ఆ చోట రుద్దొద్దు, మర్దన చేయొద్దు. మధ్యలో బొక్క ఉండే గాలి ట్యూబు వేసుకుని కూర్చోవద్దు. దాని అంచులే రక్తం ఆడకుండా నొక్కేస్తాయి. వీల్‌చైర్‌కు తగిన గాలి కుషన్ గానీ జెల్ కుషన్ గానీ కొలతలు చూపించి తీసుకోండి. ఇక ఆ జీన్స్. వెనక జేబుల మీది ఇత్తడి రివెట్లు, మందపాటి కుట్లు సరిగ్గా మీరు కూర్చునే ఎముకల కిందే పడతాయి. మీకు తెలియదు గానీ గంటల తరబడి రాయి మీద కూర్చున్నట్టే లెక్క. వెనక జేబులు లేని మెత్తని ప్యాంటు, కొంచెం వదులుగా, కుట్టించుకోండి. ఎరుపు పూర్తిగా పోయేదాకా ఆ వైపు బరువు వేయకూడదు. అంటే కూర్చోవడమే తగ్గించాలి. ఒంగోలు నుంచి నెల్లూరు కారులో రెండు గంటలకు పైనే. మచ్చ తగ్గకపోతే ప్రయాణం వాయిదా వేసుకోవాల్సిందే. తగ్గాక వెళ్లినా పావుగంటకోసారి చేతులు ఆనించి ఒళ్లు లేపాలి, లేదా ముందుకీ పక్కకీ వంగి ఒకట్రెండు నిమిషాలు బరువు తీసేయాలి.

రెండోది మాత్రలు. మెడికల్ షాపు అబ్బాయి మిమ్మల్ని బీపీ ఎంత అని అడిగాడా? వెన్నుదెబ్బ ఏ స్థాయిలో అని అడిగాడా? మీరూ నాకు స్థాయి రాయలేదు. ఛాతీ నుంచి స్పర్శ లేదంటే డి6 (ఛాతీ వెనక ఆరో వెన్నుపూస) దగ్గర గానీ, అంతకంటే పైన గానీ అయి ఉండొచ్చని అనుకుంటున్నాను. పాత స్కాన్ చూస్తే తప్ప ఖాయంగా చెప్పలేను. ఆ స్థాయి వాళ్లకు మామూలుగానే బీపీ తక్కువ. ఈ మాత్ర ఇంకా దించేస్తుంది. బ్లాడర్ కోసం టామ్సులోసిన్ లాంటి మందు వాడుతుంటే మరీనూ. తలనొప్పి ఆ మాత్ర వల్లే వచ్చి ఉండొచ్చు. కానీ ముఖమంతా చెమటలు అన్నారే, అది నాకు నచ్చలేదు. ఆ రోజు నీళ్లు మానేసి పైపు కూడా వేసుకోలేదా? బ్లాడర్ నిండినా, మోషన్ గట్టిపడినా, బట్టలు బిగిసినా, కలయిక సమయంలోనైనా మీలాంటి వాళ్లకు బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. దీన్ని ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. తల పగిలిపోతున్నట్టుంటుంది, ముఖం ఎర్రబడుతుంది, పైన చెమటలు పోస్తాయి. వెంటనే నిటారుగా కూర్చోవాలి, బెల్టు, బటన్లు వదులు చేయాలి, పైపు వేసి యూరిన్ తీసేయాలి. అయినా తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రిలో బీపీ దించడానికి నైట్రేట్ మందు ఇస్తే, మీరు ఈ మాత్ర వేసుకుని ఉంటే, ప్రాణం మీదికి వస్తుంది. మీరు వేసుకున్న మాత్రలో మందు సిల్డెనఫిల్ అయితే 24 గంటలు, టడాలఫిల్ అయితే 48 గంటల లోపు నైట్రేట్‌తో కలవకూడదు. సిగ్గుపడి దాచే విషయం కాదిది. మాత్ర వేసుకున్నానని, ఎప్పుడు వేసుకున్నానో, డ్యూటీ డాక్టర్‌కు మొదటి మాటగా చెప్పాలి. ఈ మందులు వెన్నుదెబ్బ వాళ్లకు చాలామందికి పనిచేస్తాయి, మేమూ రాస్తాం. పరీక్షలు చూసి, తక్కువ మోతాదుతో. మీ అంతట మీరు ఇంకో మాత్ర వేసుకోవద్దు.

నీళ్లు మానేయడం గురించి ఎక్కువ రాయను. తాగకపోయినా కిడ్నీ పని ఆపదు, చిక్కటి యూరిన్ తయారు చేస్తుంది. ఇన్‌ఫెక్షన్, రాళ్లు అక్కడే మొదలవుతాయి. మీ డాక్టర్ వద్దని చెప్పి ఉంటే తప్ప రోజుకు రెండు లీటర్ల దాకా మామూలుగా తాగండి. ప్రతిసారీ తీసేది 500 మి.లీ. దాటకుండా వేళకు పైపు వేసుకోండి. బయల్దేరే ముందు ఒకసారి, నెల్లూరు చేరగానే ఒకసారి. వీల్‌చైర్ పట్టే బాత్రూమ్ ఉందో లేదో వెళ్లే హోటల్‌కు ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ఇప్పుడు ఆమె సంగతి. నాయనా, మీరు రాసిందంతా మళ్లీ ఒకసారి చదువుకోండి. నీళ్లు మానడం, బిగుతు జీన్స్, దొంగచాటు మాత్ర, అన్నీ ఆమె దగ్గర ఒకటి దాచడానికి చేసినవే. దాచినందుకు జబ్బు చేసింది మీ ఒంటికి. మచ్చ తగ్గకపోతే ప్రయాణం వాయిదా పడుతుంది. ఎందుకని ఆమె అడుగుతుంది. అప్పుడు చెప్పేయండి. కారు చెడిపోయిందని అనొద్దు. “నాకు యూరిన్ వచ్చేది తెలియదు. నాలుగైదు గంటలకోసారి నేనే పైపుతో తీసుకుంటాను. పది నిమిషాల పని. కూర్చునే చోట మచ్చ వచ్చింది, అది తగ్గాక వస్తాను.” ఇంతే చాలు. ఆమె ఏమంటుందో నేను చెప్పలేను. ఏడాదిగా మీతో మాట్లాడుతున్న మనిషి, అడగడానికి ఆమెకూ కొన్ని ఉంటాయి, అడగనివ్వండి. ఆమె ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి ఒకసారి డాక్టర్ దగ్గరికి రండి.

ప్రేమించవచ్చా అన్నారు. ఇష్టం పుట్టేది మెదడులో. వెన్నుపాము తెగినంత మాత్రాన అది పోదు. అంగస్తంభన చాలామందికి స్పర్శతో వస్తుంది, ఎంతసేపు నిలుస్తుందన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. వీర్యం మామూలుగా బయటికి రాకపోయినా తీసే పద్ధతులు ఉన్నాయి, వాటితో పిల్లల్ని కన్నవాళ్లున్నారు. ఇవన్నీ డాక్టర్‌ని నోరు తెరిచి అడగండి. దివ్యాంగులకు సంతానం, కుటుంబ నియంత్రణ సమాచారం అందుబాటులో ఉండేలా చూడాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పదో సెక్షన్ ప్రభుత్వానికే చెబుతోంది.

ధైర్యానికి మాత్ర లేదు. కానీ నిద్ర పట్టక, తిండి సయించక, బతకడం ఎందుకన్న ఆలోచన వస్తుంటే దానికి వైద్యం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళనైనా ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. వీలైతే వేలూరు సీఎంసీ ఆస్పత్రి రీహాబ్‌లో (పునరావాస విభాగంలో) కొన్నాళ్లు ఉండి రండి. మన నెల్లూరు, ఒంగోలు వాళ్లకు వేలూరు కొత్త కాదు. 1954లో ప్రమాదంలో నడుము కిందకు చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ వీల్‌చైర్‌లో కూర్చునే ఆపరేషన్లు చేశారు. అక్కడి రీహాబ్ సంస్థ 1966లో ఆమె చేతుల మీదుగా మొదలైంది. మీలాంటి కుర్రాళ్లు పదిమంది ఒక హాల్లో కనపడతారు. పైపు గురించి, పెళ్లి గురించి వాళ్లు మాట్లాడుకునేది వింటే నేను రాసిన దానికంటే ఎక్కువ తెలుస్తుంది. అమ్మగారిని పెళ్లి రొట్టె పట్టుకోనివ్వండి. మచ్చ సంగతి మాత్రం ఆవిడకు ఈరోజే చెప్పండి, వెనక చూడ్డానికి ఇంకో జత కళ్లు కావాలి.

నేను మిమ్మల్ని చూడలేదు. మీరు రాసింది చదివి రాస్తున్న మాటలివి, పరీక్షకు బదులు కావు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గకపోయినా, చర్మం చిట్లినా, జ్వరం వచ్చినా, యూరిన్ చెడు వాసన వేసినా ఆగకండి, ఒంగోలు ప్రభుత్వాస్పత్రికైనా (జీజీహెచ్) మీకు దగ్గరి డాక్టర్‌కైనా వెళ్లండి. పాత స్కాన్, వాడుతున్న మందుల చీటీ, ఆ మెడికల్ షాపు మాత్రల అట్ట వెంట తీసుకెళ్లండి.