హాస్పిటల్ ఎకో మెషీన్‌తో చుంచెలుక వాల్వు కనిపిస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఫార్మకాలజీ పీజీ ప్రాజెక్టు. గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలో తలుపులా ఉండే అయోర్టిక్ వాల్వులో కాల్షియం పేరుకుని బిగుసుకుపోయే జబ్బుకి ఒక మందు పరీక్షించాలి. చేతిలో ఉన్నది మనుషులకు వాడే ఎకో మెషీన్, శబ్దతరంగాలతో గుండె బొమ్మ తీసేది. గైడ్ గారు చుంచెలుకలే తీసుకోమంటున్నారు. కుదురుతుందా?

కుదరదండీ. వైజాగ్‌లో నా ప్రాజెక్టు అప్పుడు నేనూ ఇదే పని చేసి మూడు నెలలు పోగొట్టుకున్నాను.

లెక్క చూడండి. పెద్దవాళ్ల గుండెకి వాడే ప్రోబు (ఛాతీ మీద ఆనించే పరికరం) 3 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. ఒంట్లో ఆ శబ్దతరంగం పొడవు అర మిల్లీమీటరు, అంతకంటే చిన్నవి విడిగా కనిపించవు. చుంచెలుక అయోర్టిక్ వాల్వు మొత్తం వెడల్పే మిల్లీమీటరు, మహా అయితే ఒకటిన్నర. దాని రేకులు కనిపించాలంటే 30, 40 మెగాహెర్ట్జ్ ప్రోబు ఉన్న ప్రత్యేకమైన మెషీన్ కావాలి. ఇక వేగం. మత్తులో ఉన్నా ఆ గుండె నిమిషానికి 480 సార్లు కొట్టుకుంటుంది అనుకుందాం, అంటే సెకనుకి ఎనిమిది. మీ మెషీన్ సెకనుకి 50 ఫ్రేములు తీస్తే ఒక్కో బీట్‌కి ఆరు బొమ్మలు, అందులో వాల్వు తెరుచుకుని ఉన్నవి రెండు. ఆ రెండిట్లోంచి ఏం కొలుస్తారు? నాకు కనిపించింది తెల్లటి చుక్క ఒకటి, దడదడలాడుతూ.

మేము కుందేలుకి మారాం. గుండె పెద్దది, పిల్లలకి వాడే 10, 12 మెగాహెర్ట్జ్ ప్రోబుకి రేకులు విడివిడిగా కనిపిస్తాయి. మేతలో కొలెస్టరాల్, దాంతోపాటు విటమిన్ డి2 ఎక్కువగా ఇస్తే వాల్వు మందమవుతుంది, కాల్షియం కూడా పడుతుంది. జంతువు మారితే ఎథిక్స్ కమిటీ అనుమతి మళ్లీ మొదట్నుంచి తీసుకోవాలి. పాత కాగితం మీద నడిపించేద్దాం అనుకోకండి.

ఒక చిన్న మాట. కుందేళ్లలో కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మందులు వాల్వుని కాపాడినట్టు కనిపించింది. మనుషుల దగ్గరికొచ్చేసరికి 2005లో సాల్టైర్, 2008లో 1873 మంది మీద జరిగిన సీస్, రెండు పరీక్షల్లోనూ స్టెనోసిస్ (వాల్వు ఇరుకవడం) ఆగలేదు. కాబట్టి కుందేల్లో మంచి ఫలితం వస్తే సంతోషించండి గానీ మనిషికి ముడిపెట్టకండి. మీ ఆసక్తి మన వార్డుల్లో కనిపించే రుమాటిక్ మైట్రల్ వాల్వు (రుమాటిక్ జ్వరం వల్ల పాడైన, గుండెలో ఎడమవైపు రెండు గదుల మధ్య వాల్వు) మీద అయితే ఈ మోడల్ అసలు పనికిరాదు. దానికి లూయిస్ జాతి ఎలుకలకి స్ట్రెప్టోకాకస్ ఎం ప్రోటీన్ ఎక్కించి చేసే పద్ధతి వేరే ఉంది.

ఇప్పుడు అసలు దెబ్బ తిన్న చోటు చెప్తాను.

ఛాతీ మీద బొచ్చు ట్రిమ్మర్‌తో తీస్తే చాలదు, క్రీమ్ రాయాలి. జగదాంబ దగ్గర మెడికల్ షాపులో ఒకేసారి ఎనిమిది ట్యూబులు అడిగితే ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. జెల్ చల్లగా పెడితే కుందేలు ఒళ్లు చల్లబడిపోతుంది, అందుకని టీ బండి దగ్గర వేణ్నీళ్లు పట్టుకొచ్చి జెల్ డబ్బాని ఆ గ్లాసులో నిలబెట్టేవాళ్లం. ఇవన్నీ బాగానే నేర్చుకున్నాం.

ఆ రోజు పొద్దున మందు ఇవ్వని కుందేళ్లకి ఎకో తీశాం, కెటమిన్, జైలజీన్ మత్తు ఇంజెక్షన్ ఇచ్చిన పది నిమిషాలకి. మధ్యాహ్నం మందు ఇచ్చిన వాటి వంతు. అన్నిటికీ ఒకేసారి ఇంజెక్షన్లు ఇచ్చేశాక కరెంటు పోయింది. మెషీన్ మళ్లీ లేచేసరికి నలభై నిమిషాలు. హీటింగ్ ప్యాడ్ కూడా ఆగిపోయింది, ఆ సంగతి ఎవరూ చూడలేదు. డాప్లర్ (ఎకోలోనే రక్తం వేగం కొలిచే పద్ధతి) పెడితే వాల్వు దాటే రక్తం వేగం పొద్దుటి కంటే బాగా తక్కువ. వాల్వు ఇరుకైతే వేగం పెరగాలి కదా, అందుకని మందు పనిచేసిందన్నారు అందరూ. ఆ సాయంత్రం బీచ్ రోడ్డులో మూరి మిక్చర్ తింటూ పేపర్‌కి టైటిల్ కూడా అనుకున్నాం.

రాత్రి హాస్టల్లో క్లిప్పులు మళ్లీ తిప్పుతుంటే స్క్రీన్ మూలన హార్ట్ రేట్ కనిపించింది. పొద్దున 210, మధ్యాహ్నం 150. జైలజీన్ గుండెని నెమ్మది చేస్తుంది, బయటికి పంపే రక్తాన్ని తగ్గిస్తుంది. రక్తమే తక్కువ వస్తుంటే వాల్వు ఎంత ఇరుకైనా వేగం తగ్గే కనిపిస్తుంది. పైగా ప్రెషర్ తేడా లెక్క వేగాన్ని వర్గం చేసి నాలుగుతో గుణించడం కదా, వేగంలో చిన్న తప్పు అక్కడ పెద్దదవుతుంది. సెకనుకి 2 మీటర్ల వేగానికి 16 మిల్లీమీటర్ల పాదరసం, ఒకటిన్నరకి 9. ప్రోబు వంకరగా పెట్టినా ఇదే గోల. రక్తం వెళ్లే దారికి 60 డిగ్రీల కోణంలో పట్టుకుని దిద్దకుండా వదిలేస్తే 2 మీటర్లు ఒకటిగా చదువుతుంది.

మమ్మల్ని కాపాడింది ఒక్క అలవాటు. సీనియర్ అక్క బతిమాలి నేర్పించింది, వాల్వు దాటాక వేగంతో పాటు వాల్వుకి ముందు, ఎడమ జఠరిక బయటికొచ్చే దారిలో వేగం కూడా ప్రతిసారీ రికార్డు చేయమని. ముందు వేగాన్ని తర్వాతి వేగంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి మీద రక్తం పరిమాణం ప్రభావం చాలావరకు పోతుంది. రెండూ కలిసే తగ్గుతాయి కాబట్టి. మనుషుల్లో అది 0.25 కంటే తక్కువైతే జబ్బు తీవ్రం అంటారు. ఆ రాత్రి పదహారు కుందేళ్లకీ భాగించి చూశాను. రెండు గుంపులకీ దాదాపు ఒకటే వచ్చింది. టైటిల్ అక్కడే పోయింది.

తర్వాత నుంచి ఇంజెక్షన్ ఇచ్చిన టైము, హార్ట్ రేట్, ఒంటి వేడి ప్రతి క్లిప్పుకీ నోటుబుక్కులో రాశాం. ఏ కుందేలుకి మందు ఇచ్చారో తెలియని మనిషితో కొలిపించాం. చివర్లో వాల్వు కోసి వాన్ కోసా రంగు వేసి కాల్షియం ఎంతుందో చూశాం, ఎకోలో తెల్లగా మెరిసేదంతా కాల్షియం కాదు మరి.

మీ మెషీన్‌కి పిల్లల ప్రోబు ఉందో లేదో ముందు కనుక్కోండి. దాని మీద రాసిన మెగాహెర్ట్జ్ ఎంతో చెప్తే ఏ జంతువు కుదురుతుందో చెప్తాను.