టెక్ సందేహాలు: ఒకే డీవీడీ ప్లేయర్‌కి ఐదు స్టార్లూ, ఒక స్టారూ... ఎవరిని నమ్మాలి?

ప్రశ్న: నమస్తే సార్. మా అమ్మ దగ్గర సూట్‌కేసు నిండా పాత డీవీడీలు, వీసీడీలు ఉన్నాయి. అక్క పెళ్ళి, బ్రహ్మోత్సవాలు, హరికథలు, పాత సినిమాలు. ఉన్న ప్లేయర్ మూలపడింది. ఆన్‌లైన్‌లో మూడు వేల లోపు ఒకటి చూశాను గానీ, కొన్నవాళ్ళ అభిప్రాయాలు చదివితే తల తిరుగుతోంది. ఒకాయన 'బొమ్మ సూపర్' అంటే ఇంకొకాయన 'బ్లాక్ అండ్ వైట్‌లో వస్తోంది, మోసం' అన్నాడు. 'పెన్‌డ్రైవ్ తీసుకోవడం లేదు', 'ఒరిజినల్ డిస్క్ పెడితే ఆడలేదు', 'ఆరు నెలలకే నో డిస్క్ అంటోంది' అని మిగతావాళ్ళు. కొనమంటారా, వద్దంటారా?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: కొనండి. అయితే స్టార్లు లెక్కపెట్టి కొనకండి. మీరు రాసిన నాలుగు ఫిర్యాదుల్లో మూడింటికి ఆ ప్లేయర్‌ని తప్పుపట్టాల్సిన పని ఉండకపోవచ్చు. నాలుగోది మాత్రం పట్టించుకోవాల్సిందే.

ముందు ఐదు స్టార్ల సంగతి చూద్దాం. వాటిని తెరిచి చదివితే 'డెలివరీ ఫాస్ట్', 'ప్యాకింగ్ బాగుంది', 'ఈ రేటుకి సూపర్' అనే ఉంటాయి. పార్శిల్ విప్పిన రోజే రాసిన మాటలవి. మొదటి రోజు ఏ ప్లేయరైనా ఆడుతుంది, ఆడకపోతేనే వింత. పైగా కొన్ని సైట్లు రెండు మూడు మోడళ్ళ అభిప్రాయాలను ఒకే పేజీలో కలిపేస్తాయి. హెచ్‌డీఎంఐ ఉన్న మోడల్ కొన్నాయన బొమ్మ బాగుందని మెచ్చుకుంటే, హెచ్‌డీఎంఐ లేని మోడల్ కొనబోతూ మీరు దాన్ని చదువుతుంటారు. ఆన్‌లైన్ అభిప్రాయాలను ఎలా సేకరించాలి, ఎలా చూపించాలి అన్నదాని మీద 2022 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ 'ఐఎస్ 19000' అనే ప్రమాణం తెచ్చింది. స్వచ్ఛందంగా పాటించండి అనే తెచ్చారు కాబట్టి మన జాగ్రత్తలో మనం ఉండాలి. కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, రెండు మూడు స్టార్లు ఇచ్చినవాళ్ళు రాసింది చదవండి. కొన్నాళ్ళు వాడి, కోపం తగ్గాక రాసేది ఎక్కువగా వాళ్ళే.

బ్లాక్ అండ్ వైట్ ఫిర్యాదుకి వద్దాం. ఈ ఒక్కదాని వల్లే ఎన్నో మంచి ప్లేయర్లు వాపసు పోతున్నాయి. ప్లేయర్ వైరుకి ఉండే మూడు రంగుల పిన్నుల్లో పసుపుది బొమ్మని మోస్తుంది. చాలా ఎల్‌ఈడీ టీవీల వెనక ఆ పసుపు పిన్నుకి విడిగా రంధ్రం ఉండదు. ఆకుపచ్చ రంధ్రంలోనే దాన్నీ పెట్టమంటారు, చుట్టూ సన్నని పసుపు గీత ఉంటుంది. అక్కడ పెట్టి, టీవీ రిమోట్‌లో సోర్స్‌ని 'ఏవీ' అని కాకుండా 'కాంపోనెంట్' అని ఎంచుకుంటే రంగులు మాయమైపోతాయి. ప్లేయర్ సెట్టింగుల్లో టీవీ టైపు పాల్ (మన దేశపు పద్ధతి), ఎన్‌టీఎస్‌సీ (అమెరికా పద్ధతి) అని ఉంటుంది. అది తేడాగా ఉన్నా ఇదే గోల, దాన్ని 'ఆటో'లో పెట్టాలి. చౌక రిమోట్ల మీద 'వీ-మోడ్' అనో 'పీ-స్కాన్' అనో ఒక బటన్ ఉంటుంది. పిల్లలు దాన్ని నొక్కితే బొమ్మ అలుక్కుపోతుంది, లేదంటే పూర్తిగా పోతుంది. మళ్ళీ మళ్ళీ నొక్కుతూ పోతే ఎక్కడో ఒకచోట తిరిగి వస్తుంది. ఇది తెలియక పాపం ఎవరో 'రెండో రోజే డెడ్' అని రాసుంటారు.

ఇంకా కొత్త టీవీల్లో మూడు రంగుల రంధ్రాలే ఉండవు. హెడ్‌ఫోన్ పెట్టే రంధ్రం లాంటిది ఒకటి ఇచ్చి పక్కన 'ఏవీ ఇన్' అని రాస్తారు. దానికి ఒకవైపు 3.5 ఎంఎం పిన్ను, ఇంకోవైపు మూడు రంగుల సాకెట్లు ఉన్న వైరు కావాలి. లోపల ఏ తీగ ఎక్కడికి పోవాలన్న వరస అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. బయట కొన్న వైరు మీ టీవీకి కుదరకపోతే బొమ్మ రాదు, స్పీకర్లో జుయ్ మని మోత మాత్రం వస్తుంది. అప్పుడు పసుపు పిన్నుని ఎరుపులోకి, ఎరుపుని పసుపులోకి మార్చి చూడండి. ఒక్కోసారి అంతటితోనే సరిపోతుంది. టీవీ పెట్టెలో వచ్చిన వైరు అటకమీద ఉంటే ముందు అదే వెతకండి.

ఈ తలనొప్పంతా వద్దనుకుంటే, నాలుగైదు వందలు ఎక్కువైనా హెచ్‌డీఎంఐ ఉన్న ప్లేయరే తీసుకోండి. ఒకే వైరులో బొమ్మ, శబ్దం రెండూ వెళ్తాయి. పెట్టె మీద '1080పీ ఫుల్ హెచ్‌డీ' అని చూసి మాత్రం మురిసిపోకండి. మన పాల్ డీవీడీలో ఒక ఫ్రేముకి ఉండేది 720 అడ్డం, 576 నిలువు, అంటే నాలుగు లక్షల పైచిలుకు చుక్కలు. ఫుల్ హెచ్‌డీ తెరకి ఇరవై లక్షలకు పైగా కావాలి. మిగతా పదహారు లక్షలూ ప్లేయర్ ఊహించి నింపేవే. వీసీడీ అయితే మరీ అన్యాయం, 352 అడ్డం, 288 నిలువు. అమ్మగారి హరికథ వీసీడీ 43 అంగుళాల టీవీలో అలుక్కుపోయినట్టు కనిపిస్తే అది ప్లేయర్ నేరం కాదు.

పెన్‌డ్రైవ్ విషయం తొందరగా చెప్పేస్తాను. ఈ ప్లేయర్లు ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌నే గుర్తుపడతాయి. పెద్ద పెన్‌డ్రైవ్‌లు ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి, వాటిని చూడనైనా చూడవు. 32 జీబీ లోపుది తీసుకుని కంప్యూటర్లో ఫ్యాట్32 చేసుకోండి. ఫార్మాట్ కొడితే అందులో ఉన్నవన్నీ పోతాయి, గుర్తుంచుకోండి. అప్పుడైనా పాటలు, ఫోటోలు, పాతకాలపు ఎక్స్‌విడ్ వీడియోలు ఆడతాయంతే. ఫోన్లో తీసిన వీడియో చాలా చౌక ప్లేయర్లకి మింగుడుపడదు. దానికి ప్లేయర్ ఎందుకు? టీవీకే యూఎస్‌బీ ఉంటుంది కదా.

'ఒరిజినల్ డిస్క్ ఆడలేదు' అన్నాయనకి బహుశా అమెరికాలో ఉన్న కొడుకో కూతురో డిస్కులు తెచ్చి ఉంటారు. డీవీడీలకు ప్రాంతాల వారీగా తాళం ఉంటుంది. అమెరికా, కెనడా 1, యూరప్, జపాన్ 2, మన దేశం 5. ఇక్కడ అమ్మే ప్లేయర్‌లో 1 అని ముద్రపడిన హాలీవుడ్ డిస్క్ పెడితే తిప్పికొడుతుంది. తెలుగు సినిమా డిస్కుల్లో చాలావాటికి ఈ తాళం వేయలేదు కాబట్టి అమ్మగారి సూట్‌కేసుకి ఆ టెన్షన్ లేదు.

ఇక అసలైన ఫిర్యాదు, 'నో డిస్క్'. ప్లేయర్ గుండె దాని లెన్సు, లేజర్. సీడీ, వీసీడీలకు 780 నానోమీటర్ల లేజర్, డీవీడీలకు 650 నానోమీటర్ల ఎర్ర లేజర్. వీసీడీలు చక్కగా ఆడుతూ డీవీడీలన్నీ 'నో డిస్క్' అంటుంటే డీవీడీ లేజర్ నీరసించిందని అనుమానించాలి. రెండూ ఆడకపోతే లెన్సు మీద దుమ్ము పట్టి ఉండొచ్చు, అది తుడిస్తే పోయేది. ఒకే ఒక్క డిస్క్ ఆడకపోతే తప్పు డిస్కుది. అభిప్రాయాలు చదివేటప్పుడు ఈ మూడింటినీ విడదీసి చూడండి. 'అన్ని డీవీడీలూ ఆగిపోయాయి, వీసీడీ ఒక్కటే ఆడుతోంది' అని నలుగురైదుగురు, అదీ కొన్న నెలల తర్వాత రాసి ఉంటే ఆ మోడల్ జోలికి పోవద్దు. వాళ్ళిచ్చిన ఒక స్టారుకే నేను విలువిస్తాను.

నన్నడిగితే ఇంకో మాట కూడా చెప్తాను. గాంధీ రోడ్డు వైపు వెళ్ళి షాపుల్లో డీవీడీ ప్లేయర్ అంటే ఇప్పుడు మనల్ని ఎగాదిగా చూస్తారు, అయినా అడగండి. స్టాకు ఉందంటే సూట్‌కేసులోంచి బాగా గీతలు పడ్డ డీవీడీ ఒకటి, పెళ్ళి డీవీడీ ఒకటి, వీసీడీ ఒకటి తీసుకెళ్ళి అక్కడే పెట్టించండి. మధ్యలోకీ, చివరికీ ఫార్వర్డ్ చేయించి చూడండి. డిస్క్ లోపలి అంచు నుంచి బయటికి చదువుకుంటూ పోతుంది కాబట్టి మొదట్లో బాగా ఆడి చివర్లో తడబడే ప్లేయర్లు ఉంటాయి. షాపువాళ్ళు తమ దగ్గరున్న కొత్త డిస్కే పెట్టి చూపించి, 'చూడండి మేడమ్, క్వాలిటీ' అంటే ఒప్పుకోవద్దు. ఆన్‌లైన్‌లోనే కొంటే వాపసు గడువు ముగిసేలోపు ఈ పరీక్షలన్నీ ఇంట్లో చేసేయండి. బిల్లు దాచుకోండి. వారంటీ ఉండగా పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

ప్రశ్న: మా పెళ్ళి 2007లో జరిగింది. వీడియో రెండు డీవీడీల్లో ఇచ్చారు. ఇప్పుడు ఒకటి మధ్యలో ఆగి ఆగి ఆడుతోంది. టూత్‌పేస్టు రాస్తే బాగవుతుందని ఒకరు చెప్పారు. పెన్‌డ్రైవ్‌లోకి మార్చుకునే దారి ఉందా?
– ఒక ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: ఉంది, మాస్టారూ. ఈ ఆదివారమే ఆ పని పెట్టుకోండి. టూత్‌పేస్టు మాత్రం వద్దు. అది గీతను కొంచెం అరగదీస్తుంది, దాంతోపాటు కొత్త గీతలూ పెడుతుంది.

పెళ్ళి వీడియోగ్రాఫర్లు ఇచ్చినవి ఫ్యాక్టరీలో అచ్చుగుద్దినవి కావు, కంప్యూటర్లో రాసినవి. వాటిలో సమాచారం ఒక రంగు పూత మీద ఉంటుంది. ఎండ, వేడి, తేమ తగిలితే ఆ పూత చెడుతుంది. మన చిత్తూరు ఎండల్లో బీరువా పైన పడేసిన డిస్కుకి గ్యారంటీ ఏముంటుంది? అదే రోజుల్లో మోజర్ బేర్ సంస్థ సినిమా వీసీడీలు 28 రూపాయలకు, డీవీడీలు 34 రూపాయలకు అమ్మేది. ఆ అచ్చు డిస్కులు మీ ఇంట్లో ఉంటే ఇప్పటికీ ఆడుతుండొచ్చు. సినిమా మళ్ళీ ఎక్కడైనా దొరుకుతుంది, మీ తలంబ్రాలు దొరకవు.

ముందు డిస్కుని కడగండి. చల్లని నీళ్ళు, ఒక చుక్క గిన్నెల సబ్బు చాలు. మెత్తని నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకి నేరుగా తుడవండి, గుండ్రంగా వద్దు. అడ్డంగా పడ్డ గీతను ప్లేయర్ దాటుకుపోతుంది, ట్రాక్ వెంబడి పడ్డ గీత దగ్గర చిక్కుకుంటుంది. డీవీడీలో సమాచారం ఉన్న పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్యన భద్రంగా ఉంటుంది. సీడీలో, వీసీడీలో అది పేరు రాసే వైపు పైపొర కిందే ఉంటుంది. అందుకే వీసీడీ మీద బాల్‌పెన్నుతో పేరు రాయకూడదు, స్టిక్కరు పీకకూడదు.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు డీవీడీ డ్రైవ్ ఉండదు కాబట్టి యూఎస్‌బీతో పెట్టే బయటి డ్రైవ్ కావాలి. స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ పాతదైతే అక్కడే డ్రైవ్ ఉండొచ్చు, హెడ్‌మాస్టరుని అడిగి చూడండి. డిస్కు తెరిస్తే 'వీడియో_టీఎస్' అనే ఫోల్డర్ కనిపిస్తుంది. దాన్ని మొత్తంగా హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకోండి. అందులో ఒక్కో జీబీ చొప్పున వీఓబీ ఫైళ్ళుంటాయి. పెళ్ళి డిస్కుకి కాపీ తాళం ఉండదు, ఏ అడ్డంకీ రాదు. తర్వాత హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫోల్డర్ తెరిచి ఎంపీ4గా మార్చండి. 'డీఇంటర్‌లేస్' ఆన్ చేయడం మర్చిపోవద్దు, లేకపోతే మనుషులు కదిలినప్పుడల్లా అంచుల్లో దువ్వెన పళ్ళలా గీతలు కనిపిస్తాయి. పాత ఫోల్డర్‌ని మాత్రం తీసేయకండి. అదే అసలు, ఎంపీ4 నకలు.

డ్రైవ్ ఒకచోట ఆగిపోతే ఇంకో డ్రైవ్‌లో ప్రయత్నించండి. ఒక డ్రైవ్ చదవలేని డిస్కుని ఇంకొకటి చదవడం మామూలే. తయారైన ఫైలుని పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మీ బావమరిది ఇంట్లో ఇంకొకటి ఉంచండి.

ప్రశ్న: కొత్త డీవీడీ ప్లేయర్‌లో పాటలు అదిరిపోతున్నాయి, మాటలు మాత్రం గొణిగినట్టున్నాయి. హెచ్‌డీఎంఐతో పెడితే కొన్ని సినిమాలకు అసలు శబ్దమే లేదు. రిటర్న్ ఇచ్చేయాలా?
– ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: ఇప్పుడే ఇవ్వొద్దు. సినిమా డీవీడీల్లో శబ్దం ఆరు ఛానళ్ళుగా, 5.1గా ఉంటుంది. మాటలు ఎక్కువగా నడిమి స్పీకర్‌కి పోతాయి, మీ టీవీకి ఆ స్పీకర్ లేదు. ప్లేయర్ ఆడియో సెట్టింగుల్లో 'డౌన్‌మిక్స్' ఉంటే 'స్టీరియో' ఎంచుకోండి, మాటలు రెండు స్పీకర్లలోకీ వస్తాయి. డిస్కు మెనూలోనే స్టీరియో ట్రాక్ విడిగా ఉంటే అదింకా మేలు. హెచ్‌డీఎంఐలో శబ్దం లేకపోతే 'డిజిటల్ అవుట్' అన్నచోట 'బిట్‌స్ట్రీమ్' తీసేసి 'పీసీఎం' పెట్టండి. పనిలోపనిగా 'టీవీ షేప్' కూడా 16:9 చేసుకోండి, వెడల్పు తెర సినిమాల్లో మనుషులు లావుగా కనిపించడం తగ్గుతుంది. ఇవన్నీ చేసినా మాట రాకపోతే అప్పుడు రిటర్న్ పెట్టండి.

ప్రశ్న: వీసీడీ పెడితే మొదటి బొమ్మ దగ్గరే ఆగిపోతోంది. రిమోట్ కూడా పని చేయడం లేదేమోనని అనుమానం.
– ఒక గృహిణి, శ్రీకాళహస్తి

జవాబు: రిమోట్ ముందు భాగాన్ని ఫోన్ సెల్ఫీ కెమెరా వైపు పెట్టి ఏదైనా బటన్ నొక్కండి. తెర మీద చిన్న లైటు మిణుకుమంటే రిమోట్ బాగానే ఉంది. కొన్ని ఫోన్లలో కనిపించదు, ఇంకో ఫోనుతోనూ చూడండి. ఎందులోనూ కనిపించకపోతే ముందు సెల్లులు మార్చండి. ఇక వీసీడీ ఆగేది దాని మెనూ దగ్గర. రిమోట్‌లో 'పీబీసీ' అనే బటన్ నొక్కి ఆఫ్ చేయండి, నేరుగా మొదటి పాట నుంచి మొదలవుతుంది.